పదకొండు గెలుపుల తర్వాత: కొత్త బండి, కొత్త టైరు, బౌటిస్టా

పాత బుల్లెట్ నడిపినవాళ్లకు ఈ ఇబ్బంది తెలుసు. ఆ బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉండేవి. పదేళ్లు హీరో హోండా నడిపిన మనిషి ఒకరోజు మామయ్య బుల్లెట్ తీసుకుని బజారుకు బయల్దేరతాడు. వెళ్లేటప్పుడు ఏమీ కాదు, ధ్యాసంతా కాళ్ల మీదే ఉంటుంది కాబట్టి. తిరిగొచ్చేటప్పుడు, బండి చేతికొచ్చేసిందనే ధీమా కలిగాక, ఊరి మొదట్లో గేదె అడ్డొస్తుంది. కుడికాలు దానంతటదే కిందికి తొక్కుతుంది. గేరు మారుతుంది గానీ బండి ఆగదు.

పాత అలవాటు అలా పొంచి ఉంటుంది. కొత్త బండి ఎక్కిన మొదటి గంటలో అది బయటికి రాదు, ఇక భయం లేదనుకున్నాక కంగారు పుట్టిన క్షణంలో వస్తుంది. గంటకు 300 కిలోమీటర్ల మీద వెళ్లే రేసు బండ్ల సంగతీ ఇంతే. రైడర్ ఒక ఛాంపియన్‌షిప్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు మొదటి నాలుగు రేసుల ఫలితాలు చూసి ‘అలవాటు పడ్డాడు’ అనో ‘పడలేదు’ అనో తీర్పు చెప్పేస్తుంటారు. ఆ తీర్పు ఎంత బోల్తా కొట్టగలదో చూపించడానికి అల్వారో బౌటిస్టా 2019 సీజన్‌ని మించిన ఉదాహరణ దొరకదు. వరల్డ్ సూపర్‌బైక్ అనే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి కొత్తగా వచ్చి మొదటి 11 రేసులూ వరసగా గెలిచాడు. ఏడాది చివరికి టైటిల్ వేరేవాడి చేతిలో ఉంది, అదీ 165 పాయింట్ల తేడాతో.

బౌటిస్టా స్పెయిన్‌లోని తలవేరా డి లా రేనాలో 1984లో పుట్టాడు. 2006లో 125 సీసీ ప్రపంచ ఛాంపియన్. 2008లో 250 సీసీలో రెండో స్థానం. 2010లో బైకు రేసుల్లో అన్నిటికంటే పై మెట్టయిన మోటోజీపీకి వచ్చి తొమ్మిది సీజన్లు ఆడాడు: సుజుకీ, గ్రెసినీ హోండా, అప్రిలియా, చివరి రెండేళ్లు ప్రైవేటు టీములో డుకాటీ. ఈ తొమ్మిదేళ్లలో ఒక్క రేసూ గెలవలేదు, పోడియం (మొదటి మూడు స్థానాలవాళ్లు నిలబడే మెట్టు) ఎక్కింది మూడుసార్లు. అంటే మంచి రైడరే, కానీ ఫ్యాక్టరీ టీములు, అంటే కంపెనీల సొంత టీములు, వెంటపడే రైడర్ కాదు. 2018 అక్టోబర్‌లో మాత్రం చిన్న తలుపు ఒకటి తెరుచుకుంది. హోర్హే లోరెంజో గాయపడటంతో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో అతని ఫ్యాక్టరీ డుకాటీ బౌటిస్టాకి ఇచ్చారు. నాలుగో స్థానంలో వచ్చాడు. అప్పటికే మరుసటి ఏడాదికి డుకాటీ సూపర్‌బైక్ టీములో చోటు ఖాయమైంది. మోటోజీపీలో ఇక సీటు లేనివాళ్లు సూపర్‌బైక్‌కి వెళ్తారన్నది ప్యాడక్‌లో (టీములుండే ఆవరణలో) పాత మాట, అందులో కొంచెం చిన్నచూపూ ఉంది. బౌటిస్టా వెళ్లడాన్నీ చాలామంది అలాగే చూశారు.

రెండు ఛాంపియన్‌షిప్‌లకూ తేడా ఎక్కడుందో ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. మోటోజీపీ బండి రేసు కోసమే పుట్టిన యంత్రం, షోరూములో దొరకదు. సూపర్‌బైక్ మాత్రం డబ్బున్న ఎవరైనా కొనుక్కోగల బండి నుంచి తయారవుతుంది. కనీస బరువు మోటోజీపీలో 157 కిలోలు, సూపర్‌బైక్‌లో 168. మోటోజీపీలో కార్బన్ బ్రేకు డిస్కులు, సూపర్‌బైక్‌లో స్టీలువి. ఎలక్ట్రానిక్స్ తేడా, ఫ్రేము బిగువులో తేడా, అన్నీ ఉన్నాయి. కానీ రైడర్లను అడిగితే చాలామంది వీటన్నిటి కంటే ముందు చెప్పేది టైర్ల గురించి. మోటోజీపీలో 2016 నుంచి మిషెలిన్, సూపర్‌బైక్‌లో 2004 నుంచి పిరెల్లీ. చూడటానికి రెండూ పదిహేడు అంగుళాల నల్లటి రబ్బరు చక్రాలే.

తేడా మలుపు ముఖద్వారంలో బయటపడుతుంది. తిన్నటి దారిలో 300 దాటిన బండి, మలుపు దగ్గరకొచ్చేసరికి గంటకు 80, 90కి దిగిపోవాలి. రైడర్ తల పైకెత్తి, ఛాతీతో గాలిని ఆపుకుంటూ, రెండు వేళ్లతో ముందు బ్రేకు లీవరు లాగుతాడు. బరువంతా ముందుకు తోసుకొస్తుంది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు అడుగుదాకా కుంగుతుంది, వెనక చక్రం నేలను తాకీ తాకనట్టు తేలుతుంది. ఇక్కడిదాకా బండి నిలువుగా ఉంది. ఇప్పుడు దాన్ని వాల్చాలి, కానీ బ్రేకు ఒక్కసారిగా వదలకూడదు. వదిలితే ముందు టైరు మీద బరువు తగ్గి పట్టు పోతుంది. వాల్చేకొద్దీ వేలి ఒత్తిడి కొద్దికొద్దిగా సడలించాలి. మోకాలు, తర్వాత మోచెయ్యి నేలకు రాసుకునేదాకా ఆ సడలింపు సాగుతుంది. ఒక మలుపులో ఇదంతా మూడు, నాలుగు క్షణాల పని. ఆ క్షణాల్లో ముందు టైరు హ్యాండిల్ ద్వారా ఏదో చెబుతూనే ఉంటుంది: ఇంకా చోటుంది, ఇక చాలు, ఇదిగో జారుతున్నా. ఆ మాటలు ప్రతి టైరూ ఒకే యాసలో చెప్పదు.

కార్బన్ డిస్కు వేడెక్కితే గానీ పట్టదు, పట్టిందంటే వేలు కదిపినంత మేరా పట్టు మారుతుంది. స్టీలు డిస్కు మొదటి నుంచీ ఒకేలా పడుతుంది, కానీ బరువైన బండిని ల్యాపు తర్వాత ల్యాపు ఆపుతూ పోతే చివర్లో లీవరు మెత్తబడుతుంది. మిషెలిన్‌కి బలం వెనక టైరులో ఉంటుందని, ముందు టైరు మీద ఒత్తిడి సరిగ్గా పడకపోతే అది మొండికేస్తుందని రైడర్లు అంటుంటారు. పిరెల్లీ మెత్తగా ఉంటుంది, కిందా పైనా కదులుతుంది, ఆ కదలికే దాని భాష. మోటోజీపీ నుంచి వచ్చినవాడికి మొదట ఆ కదలిక ప్రమాదంగా తోస్తుంది. అది ప్రమాదం కాదని శరీరం నమ్మడానికి కొంతకాలం పడుతుంది. నిజంగానే ప్రమాదంగా మారే చోటు ఎక్కడో కనిపెట్టడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. బౌటిస్టా కథలో ఈ రెండోదే కీలకం.

2019 ఫిబ్రవరిలో ఫిలిప్ ఐలాండ్‌లో సీజన్ మొదలైంది. మొదటి రేసులో బౌటిస్టా దాదాపు 15 సెకన్ల తేడాతో గెలిచాడు. సూపర్‌బైక్‌లో సాధారణంగా గెలిచినవాడికీ రెండోవాడికీ మధ్య ఇంత తేడా ఉండదు. ఆ ఏడాదే కొత్తగా ప్రతి రౌండుకీ మూడు రేసులు పెట్టారు: శనివారం ఒక పెద్ద రేసు, ఆదివారం ఉదయం పది ల్యాపుల చిన్న రేసు, మధ్యాహ్నం ఇంకో పెద్ద రేసు. ఆస్ట్రేలియాలో మూడూ అతనివే. థాయిలాండ్‌లో మూడూ. అరగాన్‌లో మూడూ. అసెన్‌లో ఏప్రిల్ నెలలో మంచు కురిసి చిన్న రేసు రద్దయింది, జరిగిన రెండూ మళ్లీ అతనివే. మొత్తం 11. అంతకుముందు నాలుగేళ్లు వరసగా ఛాంపియన్ అయిన జొనాథన్ రే దాదాపు అన్నిటిలోనూ రెండోవాడిగా వెనక వస్తూ కనిపించాడు. ఛాంపియన్‌షిప్ అయిపోయిందని ఏప్రిల్లోనే చాలామంది రాసేశారు.

బౌటిస్టాకి కొత్త ఛాంపియన్‌షిప్ ఇంత త్వరగా ఎలా పట్టుబడింది? సూటిగా చెప్పాలంటే, అతనికి కొత్తవి తక్కువ, పాతవి ఎక్కువ. డుకాటీ ఆ ఏడాదే తన పాత రెండు సిలిండర్ల సూపర్‌బైక్‌ని పక్కనపెట్టి పానిగాలే వీ4 ఆర్ తెచ్చింది. 998 సీసీ, నాలుగు సిలిండర్లు, 90 డిగ్రీల కోణం, చక్రాలకు వ్యతిరేక దిశలో తిరిగే క్రాంకు షాఫ్టు. మోటోజీపీ డుకాటీ ఇంజిన్‌కి ఇది సొంత చెల్లెలు. బౌటిస్టా అంతకుముందు రెండేళ్లు ఆ అక్క మీదే తిరిగాడు. యాక్సిలరేటర్ తిప్పితే శక్తి ఎలా వస్తుంది, ఎక్కడ గుంజుతుంది, బండి దిశ మార్చుకునేటప్పుడు ఎంత బరువనిపిస్తుంది, ఇవన్నీ అతనికి తెలిసిన విషయాలే. పోటీదారులకు వీ4 ఆర్ కొత్త బండి. అతనికి మాత్రం కాస్త బరువెక్కిన పాత బండి.

ట్రాకుల సంగతి ఇంకా ఆసక్తికరం. ఫిలిప్ ఐలాండ్, థాయిలాండ్‌లోని బురిరామ్, అరగాన్, అసెన్ నాలుగూ 2018 మోటోజీపీ క్యాలెండర్లో ఉన్నవే. అంతకుముందు ఏడాదే అక్కడ రేసు చేసి వచ్చాడు. ఒక ట్రాకు కొత్తగా నేర్చుకోవడం ఈ స్థాయి రైడర్లకు పెద్ద పనేం కాదన్న మాట నిజమే. 2023 సెప్టెంబర్‌లో మోటోజీపీ మొదటిసారి మన దేశానికి, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కి వచ్చినప్పుడు ఆ రేసు గుంపులో ఎవరికీ ఆ ట్రాకు మీద పోటీ అనుభవం లేదు. మూడు రోజుల్లోనే అందరూ గీత గీసినట్టు తిరిగారు, మార్కో బెజెక్కీ గెలిచాడు. కానీ అక్కడ అందరూ కొత్తవాళ్లే. ఒక్కడికే కొత్త, మిగతావాళ్లకు పాత అయితే లెక్క మారుతుంది. ఆ పరిస్థితి బౌటిస్టాకి ఐదో రౌండులో ఎదురైంది.

మూడో కారణం అతని ఒళ్లు. బౌటిస్టా పొట్టి, తేలిక, అరవై కిలోలకు లోపే. వీ4 ఆర్ తిన్నటి దారిలో అసలే వేగంగా వెళ్లే బండి. దాని మీద తేలికైన మనిషి కూర్చుంటే ఇక పట్టుకునేవాడు లేడు. బరువు తక్కువైతే వెనక టైరు అరుగుదల కూడా తక్కువ. మిగతా టీములు గొడవపెట్టాయి. నిబంధనల ప్రకారం డుకాటీ ఇంజిన్ గరిష్ఠ వేగం నిమిషానికి 16,350 తిరుగుళ్ల నుంచి 250 తగ్గించారు. తగ్గించిన తర్వాత అసెన్‌లో మళ్లీ రెండూ గెలిచాడు. కాబట్టి ఆ తర్వాత జరిగిన పతనానికి ఈ 250ని కారణంగా చూపడం కుదరదు, అప్పట్లో అలా చూపినవాళ్లు లేకపోలేదు.

బండి గొప్పది కాబట్టి గెలిచాడనడం ఇంకో తేలిక మాట. దానికి జవాబు అదే గ్యారేజీలో, గోడకు అవతలి వైపు ఉంది. చాజ్ డేవిస్ 2014 నుంచి డుకాటీ ఫ్యాక్టరీ టీములో ఉన్నాడు. 2015, 2017, 2018 ఛాంపియన్‌షిప్‌లలో రెండో స్థానం. పిరెల్లీ టైర్ల గురించి, ఈ ట్రాకుల గురించి, ఈ పోటీ గురించి బౌటిస్టా కంటే అతనికే ఎక్కువ తెలుసు. అదే వీ4 ఆర్ అతనికి లొంగలేదు. ఏడాది మొత్తంలో గెలిచింది ఒక్కటే, లగూనా సెకాలో. డేవిస్ పొడగరి. అతను బండి నడిపే తీరంతా రెండు సిలిండర్ల పానిగాలే మీద తయారైంది: ఆలస్యంగా గట్టిగా బ్రేకేసి, మలుపులో బండిని చప్పున తిప్పేసి, ఆ ఇంజిన్ కింది తిరుగుళ్లలో ఇచ్చే లాగుడుతో బయటపడటం. కొత్త ఇంజిన్‌కి శక్తి పైనెక్కడో ఉంది. మలుపులో వేగం నిలబెట్టుకుని గుండ్రంగా తిరగమంటుంది. అంటే ఆ గ్యారేజీలో ఛాంపియన్‌షిప్ తెలిసినవాడికి బండి కొత్త, బండి తెలిసినవాడికి ఛాంపియన్‌షిప్ కొత్త. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చూస్తే బండి తెలిసినవాడిదే పైచేయి. ఏడాదంతా చూస్తే కథ అంత సులువుగా తేలదు.

ఇక పాయింట్ల లెక్క. పెద్ద రేసు గెలిస్తే 25, రెండోస్థానానికి 20. చిన్న రేసుకి 12, 9. ఒక రౌండులో మూడూ ఒకడు గెలిచి, మూడింట్లోనూ ఇంకొకడు రెండో స్థానంలో వస్తే తేడా 13 పాయింట్లే. మొదటి మూడు రౌండ్లలో అచ్చంగా ఇదే జరిగింది: తొమ్మిది రేసుల తర్వాత బౌటిస్టా 186, రే 147. తొమ్మిదికి తొమ్మిదీ గెలిచినవాడి ఆధిక్యం 39. ఒక పెద్ద రేసులో కిందపడి సున్నా తెచ్చుకుంటే, రెండోస్థానంలో ఉండేవాడికి 20 దక్కుతాయి. ఆ 20ని తిరిగి రాబట్టాలంటే నాలుగు పెద్ద రేసులు గెలవాలి. మెల్లగా కూడబెట్టుకున్నది ఒక్క పాటుతో పోతుంది. రే ఈ లెక్క తెలిసినవాడు. గెలవలేని రోజుల్లో గెలవాలని ప్రాణం మీదకు తెచ్చుకోకుండా రెండో స్థానం జేబులో వేసుకుంటూ పోయాడు. ఆ ఏడాది అతని అసలు ప్రతిభ ఆ తొమ్మిది రెండోస్థానాల్లోనే ఉందనిపిస్తుంది, తర్వాతి గెలుపుల్లో కంటే.

ఐదో రౌండు ఇమోలా. మోటోజీపీ వెళ్లని ట్రాకు. ఎత్తుపల్లాలు, గుడ్డి మలుపులు, పక్కనే గోడలు. రే జరిగిన రెండు రేసులూ గెలిచాడు, మూడోది వానతో రద్దయింది. బౌటిస్టా పడలేదు, పోడియం మీదే నిలబడ్డాడు, కానీ పదకొండు రేసుల తర్వాత మొదటిసారి ముందు ఎవరో ఉన్నారు. తర్వాత హెరెజ్. సొంత దేశం, చిన్నప్పటి నుంచి తిరిగిన ట్రాకు. మొదటి రెండు రేసులూ మళ్లీ అతనివే. ఆధిక్యం 61 పాయింట్లకు చేరింది. ఆదివారం మధ్యాహ్నం మూడో రేసు మొదలైన కాసేపటికే ముందు చక్రం పట్టు వదిలేసింది. వెనకాల ఎవరూ ఒత్తిడి పెట్టడం లేదు, ముందు ఎవరినీ దాటే పని లేదు. మిసానోలో ఉదయం గెలిచాడు, మధ్యాహ్నం మళ్లీ పడ్డాడు. ఇంగ్లండ్‌లో డోనింగ్టన్‌లో వానలో పడ్డాడు, రే మూడూ గెలిచి పట్టికలో పైకెక్కాడు. అమెరికాలో లగూనా సెకాలో మళ్లీ పడి భుజానికి గాయం చేసుకున్నాడు. అక్కడి నుంచి బయల్దేరేటప్పటికి రే ఆధిక్యం 81 పాయింట్లు. హెరెజ్ ఆదివారం ఉదయానికీ లగూనా సెకాకీ మధ్య ఆరు వారాలు కూడా లేవు.

అప్పట్లో దీనికి మానసిక కారణాలు వెతికినవాళ్లు చాలామంది. ఒత్తిడి తట్టుకోలేకపోయాడు, అత్యాశకు పోయాడు, మరుసటి ఏడాది జీతం గొడవ మనసులో పెట్టుకున్నాడు. మనసు పాత్ర లేదని ఎవరూ అనలేరు. కానీ పడిన తీరు చూస్తే కారణం చాలావరకు రబ్బరుకీ తారుకీ మధ్య కనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో అతను గెలిచిన రేసుల్లో అతనికి అంచు దగ్గరికి వెళ్లాల్సిన పనే పడలేదు. తిన్నటి దారిలో ఎలాగూ లాభం ఉంది కాబట్టి మలుపు ముందు బ్రేకు కాస్త ముందే వేసినా చెల్లిపోయింది. ముందు టైరు ‘ఇక చాలు’ అనే చోటికి ఎన్నడూ వెళ్లలేదు. వెళ్లనప్పుడు ఆ మాట ఎలా ఉంటుందో తెలియదు. మిగతావాళ్లు దగ్గరయ్యాక, ఎండలు ముదిరి తారు వేడెక్కి జారుడు పెరిగాక, అర సెకను ముందే బ్రేకు వేసే వెసులుబాటు పోయింది. అప్పుడు మొదటిసారి అంచుకి వెళ్లాడు. అక్కడ శరీరం ఆసరా తీసుకున్నది తొమ్మిదేళ్ల మోటోజీపీ అలవాట్లనే. వాటి కింద ఉన్న టైరు మాత్రం వేరే.

వరసగా ఓడిపోతూ నేర్చుకున్నవాడికి అంచు మొదటి నెలలోనే తెలుస్తుంది, రోజూ దాని మీదే కూర్చుంటాడు కాబట్టి. గెలుస్తూ వచ్చినవాడు ఆ పాఠం జూన్‌కి వాయిదా వేసుకున్నాడు. జూన్‌లో ఆ పాఠానికి ఫీజు ఎక్కువ. సెప్టెంబర్ నెలాఖరున ఫ్రాన్స్‌లోని మన్యీ-కూర్‌లో రే ఐదో టైటిల్ ఖాయం చేసుకున్నాడు. ఆఖరి లెక్క 663, 498. గెలుపులు చూస్తే రేకి 17, బౌటిస్టాకి 16.

ఆ తర్వాత రెండేళ్లు బౌటిస్టా హోండాకి వెళ్లాడు. డబ్బు కోసమేనని కొందరు ఎత్తిపొడిచారు. హోండా సూపర్‌బైక్ అయిన కొత్త ఫైర్‌బ్లేడ్ అప్పుడే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన బండి. తిన్నటి దారిలో వేగం ఉంది, మలుపుల్లో మాటిమాటికీ మాట మార్చేది. 2020, 2021లో ఒక్క గెలుపూ లేదు, పోడియంలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ రెండేళ్లను అతని జీవితంలో వృథా కాలంగా లెక్కగట్టేవాళ్లు ఎక్కువ. అది పొరపాటనిపిస్తుంది. హోండా మీద అతనికి ఇంజిన్ తెచ్చిపెట్టే ఉచిత లాభం లేదు. ఆరో స్థానం కోసం కూడా ప్రతి మలుపులో పిరెల్లీ ముందు టైరుని అంచుదాకా తోసుకుంటూ పోవాలి. చాలాసార్లు పడ్డాడు. సూపర్‌బైక్ రైడర్‌గా అతని చదువు అక్కడే సాగిందనుకోవచ్చు.

2022లో డుకాటీకి తిరిగొచ్చాక తేడా కంటికి కనిపించింది. అదే బండి, అదే మనిషి, వయసు 37. ఈసారి గెలవలేని రోజున రెండో స్థానం, మూడో స్థానం తీసుకుని ఇంటికెళ్లడం నేర్చాడు, ఒకప్పుడు రే చేసినట్టే. రేసు మొదట్లో టైరుని దాచుకుని చివరి ఆరేడు ల్యాపుల్లో ముందుకొచ్చేవాడు. ఇండోనేషియాలోని మండలికాలో టైటిల్ గెలిచాడు. సూపర్‌బైక్‌లో డుకాటీకి 2011లో కార్లోస్ చెకా తర్వాత దక్కిన రైడర్ టైటిల్ ఇదే. చిత్రమేమిటంటే ఆ సీజన్లో అతని గెలుపులు 16. ఓడిపోయిన 2019లోనూ 16. 2023లో 27 రేసులు గెలిచి మళ్లీ ఛాంపియన్. అతని తేలిక ఒళ్లు మళ్లీ చర్చకొచ్చి, 2024 నుంచి రైడర్ బరువు కూడా లెక్కలోకి తీసుకునే నియమం పెట్టారు, తేలికవాళ్ల బండికి కొన్ని కిలోల బరువు కట్టాల్సి వచ్చింది. ఆ బరువు కట్టాక బండిని మళ్లీ మొదటినుంచి అర్థం చేసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణలు లేకపోలేదు. 2009లో అమెరికా నుంచి వచ్చిన బెన్ స్పీస్‌కి బండి కొత్త, టైరు కొత్త, చాలా ట్రాకులు అంతకుముందు చూసినవి కూడా కావు. 14 రేసులు గెలిచి, నొరియుకి హాగా మీద ఆరు పాయింట్ల తేడాతో మొదటి ఏడాదే ఛాంపియన్ అయ్యాడు. ఏదీ తెలియనివాడికి మరిచిపోవాల్సిన భారమూ ఉండదని దీన్నిబట్టి అనుకోవచ్చు గానీ, ఒక్క స్పీస్‌ని చూపి సూత్రం కట్టడం కష్టం.

రే కథ ఇంకో కోణం. ఆరు టైటిళ్లు కవాసకీ మీద గెలిచి, 2024లో యమహాకి మారాడు. ఛాంపియన్‌షిప్ అదే, టైరు అదే, ట్రాకులు కళ్లు మూసుకున్నా తిరగగలడు. మారింది బండి ఒక్కటే. మొత్తం 119 రేసులు గెలిచిన మనిషి యమహా మీద రెండేళ్లలో ఒక్కటీ గెలవకుండానే రిటైరయ్యాడు. గాయాలు అయ్యాయి, వయసూ మీద పడింది, అదంతా నిజమే. అయినా, ఒక బండిని తొమ్మిదేళ్లు తన కొలతలకు కుట్టించుకున్నవాడు రెడీమేడ్ చొక్కాలో ఎంత ఇబ్బందిపడతాడో అక్కడ కనిపించింది.

అతను ఖాళీ చేసిన సింహాసనం మీద కూర్చున్న తోప్రక్ రజ్‌గత్లియోలు అదే 2024లో యమహా వదిలి బీఎండబ్ల్యూకి వెళ్లాడు. అప్పటిదాకా ఆ కంపెనీ బండి మీద ఎవరూ ఛాంపియన్ కాలేదు. తోప్రక్ టర్కీలోని అలన్యాలో పుట్టాడు, అతని తండ్రి ఒంటి చక్రం విన్యాసాలకు పేరుపడ్డ రైడర్. కొడుకు బ్రేకు వేసే తీరులోనూ ఆ వారసత్వం ఉంది: వెనక చక్రం గాల్లోకి లేచి ఉండగానే మలుపులోకి దిగుతాడు. అందరూ ఆపేచోటు దాటి ఇంకా పది మీటర్లు వెళ్లి ఆపుతాడు. బీఎండబ్ల్యూ ఇంజనీర్లు అతన్ని మార్చడానికి ప్రయత్నించలేదు, ఆ బ్రేకింగ్ చుట్టూ బండిని మార్చారు. వరసగా 13 రేసులు గెలిచాడు, గాయంతో కొన్ని రేసులు పోగొట్టుకునీ టైటిల్ గెలిచాడు, 2025లో మళ్లీ గెలిచాడు. బండికి మనిషి అలవాటు పడటమే చూస్తాం గానీ, మనిషికి బండిని అలవాటు చేయడం కూడా ఉంది. అందుకు టీము తన పాత లెక్కలు చింపేయడానికి సిద్ధపడాలి. అది అన్ని గ్యారేజీల్లో జరగదు.

ఇప్పుడు తోప్రక్ బౌటిస్టా వచ్చిన దారినే ఎదురు దిశలో వెళ్తున్నాడు. 2026కి యమహా బండ్లు నడిపే ప్రమాక్ టీముతో మోటోజీపీకి మారాడు. కార్బన్ బ్రేకులు, మిషెలిన్ టైర్లు, మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు బండి వెనక భాగాన్ని కిందికి దించే పరికరం, అన్నీ అతనికి కొత్త. పైగా యమహా తన పాత ఇన్‌లైన్ (సిలిండర్లన్నీ ఒకే వరసలో ఉండే) ఇంజిన్ వదిలి వీ4కి మారిన ఏడాది అది, అంటే బండి టీముకే కొత్త. అతని ఆయుధం ముందు బ్రేకు. ఆ ఆయుధం పదునంతా పిరెల్లీ ముందు టైరు మీద పట్టినది. ఆ తీరులోనే మిషెలిన్‌ని తోస్తే అది ఊరుకోదు. మలుపులో వేగం మోసుకెళ్లడం, వెనక టైరుతో పని చేయించుకోవడం అతనికి అలవాటు లేని పనులు.

ఈ దారి ఎంత నిటారుగా ఉంటుందో బౌటిస్టాయే ఒకసారి చూపించాడు. 2023లో రెండో టైటిల్ గెలిచిన కొద్ది వారాలకే డుకాటీ అతనికి మలేసియాలోని సెపాంగ్‌లో ఒక మోటోజీపీ రేసు బహుమతిగా ఇచ్చింది. అంతకుముందు టెస్టులో పడి గాయంతో వచ్చాడు, అది నిజం. కానీ ఆ ఏడాది సూపర్‌బైక్‌లో 27 రేసులు గెలిచిన మనిషి, తొమ్మిదేళ్లు తిరిగిన పోటీలో, తనకు బాగా తెలిసిన ట్రాకు మీద 17వ స్థానంలో ముగించాడు. వదిలిపెట్టిన ఐదేళ్లలో చేతివేళ్లు పిరెల్లీ యాసకు మారిపోయాయి, మోటోజీపీ బండ్లూ అతను వదిలినప్పటివి కావు.

తోప్రక్‌కి ఒక వెసులుబాటు మాత్రం ఉంది, అది క్యాలెండర్ ఇచ్చింది. 2027 నుంచి మోటోజీపీ ఇంజిన్లు 850 సీసీకి తగ్గుతాయి, వెనక భాగాన్ని దించే ఆ పరికరాలు నిషేధం. టైర్లు మిషెలిన్ చేతి నుంచి పిరెల్లీకి మారతాయి. మార్కెజ్, బాన్యాయా, క్వార్తరారో లాంటి మోటోజీపీ ఛాంపియన్లంతా మోటోజీపీ బండిని ఆ కంపెనీ టైర్లతో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. 2026 ఏడాదంతా మిషెలిన్ ముందు టైరుతో పెనుగులాడి, తన పాత బ్రేకింగ్ తీరుని పూర్తిగా మార్చేసుకుంటే తోప్రక్‌కి ఆ మార్పు ఒక్క సీజనే పనికొస్తుంది. మార్చుకోకపోతే ఆ సీజన్ అంతా వెనకబడాలి. ప్రమాక్ గ్యారేజీలో ఏది ఎంత మార్చాలో తేల్చుకునేవాళ్లకు ఫిలిప్ ఐలాండ్‌లో 15 సెకన్లతో గెలిచిన ఆ మొదటి రేసు వీడియో పెద్దగా ఉపయోగపడదు. హెరెజ్ మూడో రేసుదైతే ఉపయోగపడొచ్చు.